గెస్ట్‌కీ హోస్ట్‌కీ మధ్య మెమరీ షేరింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

వర్చువల్ మెషిన్లు (ఒక కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్లు, పొట్టిగా వీఎమ్‌లు) నడిపేవాళ్లను ఎక్కువగా తికమకపెట్టే మాటల్లో ‘షేర్డ్ మెమరీ’ ఒకటి. ఒకరు ర్యామ్ ఆదా గురించి అడుగుతారు, ఇంకొకరు భద్రత గురించి జవాబు చెప్తారు, ఇద్దరూ తాము ఒకే విషయం మాట్లాడుతున్నామనే అనుకుంటారు. వీఎమ్‌ని గెస్ట్ అని, దాన్ని నడిపే అసలు యంత్రాన్ని హోస్ట్ అని అంటారు. ఈ పేజీలో ఎక్కువ భాగం లైనక్స్ కెర్నెల్‌లో వీఎమ్‌లు నడిపే భాగమైన కేవీఎమ్ గురించి. అదే పని చేసే జెన్, వీఎమ్‌వేర్ అవసరమైన చోట మాత్రమే వస్తాయి.

ఇంతకీ ‘షేర్డ్’ అంటే ఏది?

కనీసం మూడు అర్థాలున్నాయి. మొదటిది, రెండు గెస్టుల్లో ఒకే సమాచారం ఉన్న పేజీలను (మెమరీని విడగొట్టే చిన్న ముక్కలు, ఒక్కోటి మామూలుగా 4 కేబీ) హోస్ట్ కలిపేసి ఒక్క కాపీ ఉంచడం. లైనక్స్‌లో దీని పేరు కేఎస్ఎమ్. గెస్టులకు ఈ సంగతే తెలియదు.

రెండోది, గెస్ట్ ర్యామ్‌ని హోస్ట్‌లోని ఇంకో ప్రాసెస్ కూడా మ్యాప్ చేసుకోవడం. హోస్ట్ ఫోల్డర్‌ని గెస్ట్‌కి చూపించే వర్టియో ఎఫ్ఎస్ డీమన్, నెట్‌వర్క్ ప్యాకెట్లను వేగంగా పంపే డీపీడీకే స్విచ్ లాంటివి ఇలాగే పనిచేస్తాయి.

మూడోది కొత్తది. కాన్ఫిడెన్షియల్ వీఎమ్‌లలో గెస్ట్ తన మెమరీని హోస్ట్‌కి కనపడకుండా దాచుకుంటుంది. అందులోంచి కొన్ని పేజీలను మాత్రం ‘ఇవి నువ్వు చూడొచ్చు’ అని తనంతట తాను తెరిచి పెడుతుంది. ఎవరైనా ‘షేర్డ్ పేజీలు ట్రాక్ చేయాలి’ అంటే వీటిలో ఏది అని ముందు అడగండి. సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది.

మామూలు వీఎమ్‌లో హోస్ట్‌కి అన్నీ కనిపిస్తాయి కదా, మళ్లీ షేర్ చేయడం ఏమిటి?

సరిగ్గా అడిగారు. కేవీఎమ్ 2007లో లైనక్స్ 2.6.20తో వచ్చింది. అప్పటి నుంచీ గెస్ట్ ర్యామ్ అంటే హోస్ట్‌లో ఆ గెస్ట్‌ని నడిపే క్యూఎము అనే ప్రాసెస్ తనకోసం తీసుకున్న మెమరీయే. గెస్ట్ 8 జీబీ అనుకుంటున్నది క్యూఎముకి తన సొంత అడ్రస్‌లలో ఒక 8 జీబీ ముక్క. గెస్ట్‌లోని వర్టియో డ్రైవర్ (డిస్కు, నెట్‌వర్క్ పనులకు హోస్ట్‌తో మాట్లాడేది) ‘నా ప్యాకెట్ ఫలానా అడ్రస్‌లో ఉంది’ అంటే చాలు, హోస్ట్ నేరుగా వెళ్లి చదివేస్తుంది. అనుమతి అన్న ప్రశ్నే లేదు కాబట్టి లెక్క రాసే పనీ లేదు.

హోస్ట్‌ని కూడా నమ్మనక్కర్లేదు అనే ఆలోచన వచ్చాకే ఈ లెక్క మొదలైంది. ఏఎండీ ఎస్ఈవీ, ఇంటెల్ టీడీఎక్స్, ఆండ్రాయిడ్‌లోని పీకేవీఎమ్, మూడూ ఆ దారిలోనివే.

కేఎస్ఎమ్ ఎంత ర్యామ్ మిగిల్చిందో ఎలా తెలుస్తుంది?

సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ తన సెట్టింగులు, అంకెలు చూపించే చోటు) కెర్నెల్, దాని కింద ఎమ్ఎమ్, దాని కింద కేఎస్ఎమ్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ‘పేజెస్ షేర్డ్’, ‘పేజెస్ షేరింగ్’ అని రెండు ఫైళ్లు. పేర్లు ఇంత దగ్గరగా ఎందుకు పెట్టారో పెట్టినవాళ్లకే తెలియాలి. షేర్డ్ అంటే చివరికి మిగిలిన అసలు కాపీలు. షేరింగ్ అంటే ఆ కాపీల మీద ఆధారపడిన అదనపు చోట్లు, అంటే మీకు మిగిలిన పేజీలు. నాలుగు గెస్టుల్లో ఒకే పేజీ ఉంటే షేర్డ్ 1, షేరింగ్ 3. షేరింగ్ అంకెను 4 కేబీతో గుణిస్తే స్థూలంగా ఎంత ఆదా అయిందో వస్తుంది.

‘పేజెస్ అన్‌షేర్డ్’ కూడా చూడండి. జోడీ దొరుకుతుందేమో అని మళ్లీ మళ్లీ వెతికినా దొరకని పేజీలు అవి. ఇది షేరింగ్ కంటే చాలా ఎక్కువగా ఉంటే సీపీయూ వృథాగా తిరుగుతోందన్నమాట. ఒక అసలు పేజీ మీద ఎంతమందైనా వేలాడవచ్చు అనుకోకండి. మామూలు సెట్టింగ్‌లో 256 పరిమితి, అది దాటితే ఇంకో కాపీ పుడుతుంది.

కేఎస్ఎమ్ ఆన్ చేశాను, అయినా సున్నాయే చూపిస్తోంది. ఎందుకు?

ఈ ప్రశ్న నన్ను ఒక వారాంతమంతా తినేసింది, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

కేఎస్ఎమ్ అన్ని పేజీలనూ చూడదు. ‘ఇక్కడ వెతుక్కో’ అని ప్రాసెస్ ముందుగా, మామూలుగా మ్యాడ్వైజ్ (కెర్నెల్‌కి మెమరీ గురించి సలహా ఇచ్చే) కాల్‌తో, చెప్పిన చోటే చూస్తుంది. క్యూఎము మామూలుగా చెప్తుంది, కానీ ఎవరో మెమ్ మెర్జ్ ఆప్షన్ ఆఫ్ చేసి ఉండొచ్చు. కొన్ని డిస్ట్రిబ్యూషన్లలో కేఎస్ఎమ్ ట్యూన్డ్ అనే సర్వీసు ఉంటుంది. ఖాళీ మెమరీ సుమారు 20 శాతం లోపుకి పడితే తప్ప అది స్కానింగ్ మొదలుపెట్టదు. సగం ఖాళీగా ఉన్న సర్వర్‌లో సున్నా కనిపించడం తప్పు కాదు.

ఇక నన్ను తిప్పలు పెట్టిన అసలు కారణం. కేఎస్ఎమ్ కలిపేది అనామక (ఏ ఫైలుకీ చెందని) ప్రైవేట్ పేజీలనే, ఫైలు లేదా మెమ్‌ఎఫ్‌డీ (మెమరీలోనే ఉండే ఫైలు) వెనకున్న షేర్డ్ మ్యాపింగ్‌లను ముట్టుకోదు. నేను ఆ గెస్ట్‌కి వర్టియో ఎఫ్ఎస్ పెట్టాను. దానికోసం మెమరీ బ్యాకింగ్‌ని మెమ్‌ఎఫ్‌డీ, షేర్డ్ అని మార్చాను. అంటే పై మూడు అర్థాల్లో రెండోదాన్ని ఆన్ చేసి మొదటిదాన్ని నా చేత్తో నేనే ఆపేశాను. ప్రాసెస్ స్టేటస్ ఫైలులో ఆర్ఎస్ఎస్ అనాన్ (ర్యామ్‌లో ఉన్న అనామక పేజీలు) చిన్నగా, ఆర్ఎస్ఎస్ షమెమ్ (ర్యామ్‌లో ఉన్న షేర్డ్ మెమరీ) పెద్దగా కనిపిస్తే మీదీ అదే కథ. ‘ఫ్రీ’ కమాండ్‌లో ‘షేర్డ్’ అనే కాలమ్ ఉంటుంది చూడండి, అది చూపించేది ఈ షమెమ్‌నే. కేఎస్ఎమ్‌కి దానితో సంబంధం లేదు.

అన్నీ సరిగానే ఉంటే ఓపిక పట్టాలి. మొదటి నుంచీ ఉన్న సెట్టింగ్ ప్రకారం 20 మిల్లీసెకన్లకోసారి లేచి 100 పేజీలు చూస్తుంది. అంటే సెకనుకి ఎంత వేగంగా పోయినా 5000 పేజీలు, 20 ఎంబీ కూడా లేదు. 256 జీబీ మొత్తం ఒకసారి తిరగాలంటే మూడున్నర గంటల పైమాటే. అదీ ఒక్క చుట్టుకి. పేజీ నిలకడగా ఉందో లేదో చూడటానికి ఇంకో చుట్టు కావాలి.

కేఎస్ఎమ్‌ని ఆపేస్తే కలిపినవన్నీ విడిపోతాయా?

రన్ ఫైలులో 0 రాస్తే స్కానింగ్ ఆగుతుంది, కలిసినవి కలిసే ఉంటాయి. 2 రాస్తే అన్నీ విడగొడుతుంది. ఆదా అయిందనుకున్న ర్యామ్ అంతా ఒక్కసారిగా మళ్లీ కావాల్సి వస్తుంది. షేరింగ్ అంకెకు సరిపడా ఖాళీ ఉందో లేదో చూడకుండా 2 రాయకండి.

వేరువేరు కస్టమర్ల వీఎమ్‌ల మధ్య పేజీలు కలపడం సురక్షితమేనా?

నా మాట: వద్దు. కలిసిన పేజీలో రాయబోతే ముందు దానికి కొత్త కాపీ తయారు కావాలి, ఆ రాత మామూలు రాత కంటే ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని కొలిచి ‘పక్క గెస్ట్‌లో ఇదే పేజీ ఉంది’ అని పసిగట్టవచ్చు. పక్కవాడు ఏ వెర్షన్ లైబ్రరీ వాడుతున్నాడో అలా బయటపడుతుంది. 2014లో వీఎమ్‌వేర్ తన ఈఎస్ఎక్స్‌ఐ హైపర్‌వైజర్‌లో (వీఎమ్‌లను నడిపే సాఫ్ట్‌వేర్) వీఎమ్‌ల మధ్య పేజీ షేరింగ్‌ని డిఫాల్ట్‌గా ఆపేయడానికి కారణం ఇలాంటి దాడుల పరిశోధనలే. 2016లో ఫ్లిప్ ఫెంగ్ షుయ్ అనే దాడి ఇంకో మెట్టు ఎక్కింది. పేజీ కలిసేలా చేసి, రోహ్యామర్‌తో (ర్యామ్‌లో పక్క వరసలను పదేపదే ముట్టుకుని బిట్లు తారుమారు చేసే పద్ధతి) అందులో ఒక బిట్ తిప్పి, పక్క వీఎమ్‌లోని పబ్లిక్ కీని పాడుచేయవచ్చని ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు చేసి చూపించారు. మీ ఒక్కరి ల్యాబ్ సర్వర్ అయితే నిశ్చింతగా వాడుకోండి.

గెస్ట్‌లో 2 జీబీయే వాడుతున్నట్టుంది, హోస్ట్‌లో టాప్ కమాండ్ చూస్తే 8 జీబీ. మిగతాది ఎక్కడ?

గెస్ట్ ఒకసారి ముట్టుకున్న పేజీని తర్వాత వదిలేసినా, ఆ సంగతి హోస్ట్‌కి ఎవరూ చెప్పరు. అలా చెప్పడానికే వర్టియో బెలూన్ ఉంది. దానిలోని ఫ్రీ పేజ్ రిపోర్టింగ్ సౌకర్యం లైనక్స్ 5.7లో వచ్చింది. అది ఆన్ చేస్తే గెస్ట్ ఖాళీ పేజీలను తనే చెప్తూ ఉంటుంది. ఇంకో మెలిక: కేఎస్ఎమ్ కలిపిన పేజీ ప్రతి ప్రాసెస్ ఆర్ఎస్ఎస్‌లోనూ (ర్యామ్‌లో అది పట్టుకున్న మొత్తం) పూర్తిగా లెక్కకు వస్తుంది. పది గెస్టుల ఆర్ఎస్ఎస్ కూడితే సర్వర్ ర్యామ్‌ని దాటడం వింతేమీ కాదు. పంచిన వాటా కావాలంటే ప్రాసెస్ స్మ్యాప్స్ ఫైలులోని పీఎస్ఎస్ చూడండి.

కాన్ఫిడెన్షియల్ వీఎమ్‌లో ఏ పేజీ షేర్డో గెస్ట్ ఎలా చెప్తుంది?

ఏఎండీలో గెస్ట్ పేజ్ టేబుల్‌లో (ఏ అడ్రస్ ఏ పేజీదో చెప్పే పట్టిక) సీ బిట్ అని ఒకటి ఉంటుంది. అది 1 అయితే పేజీ ప్రైవేట్, గెస్ట్ తాళంచెవితో ఎన్‌క్రిప్ట్ అవుతుంది. 0 అయితే షేర్డ్. ఇంటెల్ టీడీఎక్స్‌లో ఇది తిరగేసి ఉంటుంది. గెస్ట్ ఫిజికల్ అడ్రస్‌లో పై బిట్ ఒకటి 1 అయితే షేర్డ్. రెండింటి మీదా పనిచేసేవాళ్లు ఇక్కడ కనీసం ఒక్కసారైనా పొరబడతారు.

బిట్ మార్చినంత మాత్రాన పని అయిపోదు. హోస్ట్‌కి కూడా చెప్పాలి. ఏఎండీ ఎస్ఈవీలో కొత్త తరమైన ఎస్‌ఎన్‌పీలో జీహెచ్‌సీబీ అనే పేజీ ద్వారా, టీడీఎక్స్‌లో మ్యాప్ జీపీఏ అనే కాల్ ద్వారా గెస్ట్ అడుగుతుంది. కేవీఎమ్ ఆ విన్నపాన్ని క్యూఎముకి పంపుతుంది. క్యూఎము ‘ఈ అడ్రస్ నుంచి ఇంత మేర ఇక షేర్డ్’ అని మెమరీ యాట్రిబ్యూట్ మార్చి గెస్ట్‌ని మళ్లీ నడిపిస్తుంది.

అయితే ఆ లెక్క ఎవరి దగ్గర ఉంటుంది?

ఇక్కడ చెప్పినవాటిలో గుర్తుపెట్టుకోవాల్సింది ఏదైనా ఉంటే ఇదే. లెక్క ఒక చోట ఉండదు. ఒకే పొలానికి రైతు ఇంట్లో పాసుపుస్తకం, రెవెన్యూ వాళ్ల దగ్గర అడంగల్, రిజిస్ట్రార్ ఆఫీసులో దస్తావేజు ఉన్నట్టు, ఒకే పేజీకి మూడు రికార్డులుంటాయి.

మొదటిది గెస్ట్ పేజ్ టేబుల్‌లోని బిట్, గెస్ట్ తనకు తాను రాసుకున్నది. రెండోది కేవీఎమ్‌లో ప్రతి గెస్ట్ పేజీ నంబరుకీ ‘ప్రైవేటా, కాదా’ అని రాసుకునే ఎక్స్‌అర్రే అనే పట్టిక. లైనక్స్ 6.8లో, అంటే 2024 మార్చిలో, గెస్ట్ మెమ్‌ఎఫ్‌డీతో (గెస్ట్ ప్రైవేట్ పేజీలు ఉండే చోటు) కలిసి వచ్చింది. మూడోది హార్డ్‌వేర్ చూసేది. ఎస్‌ఎన్‌పీలో దాని పేరు ఆర్‌ఎమ్‌పీ. హోస్ట్ ర్యామ్‌లోని ప్రతి 4 కేబీ పేజీకీ అందులో 16 బైట్ల రికార్డు ఉంటుంది. ఈ పేజీ ఏ గెస్ట్‌ది, ఆ గెస్ట్‌లో ఏ అడ్రస్‌కి చెందింది, గెస్ట్ దాన్ని ఒప్పుకుందా అన్నవి అందులో రాసి ఉంటాయి. 1 టీబీ సర్వర్‌లో ఈ పట్టికకే 4 జీబీ పోతుంది. టీడీఎక్స్‌లో ఈ పని సెక్యూర్ ఈపీటీ అనే పేజ్ టేబుల్ చేస్తుంది, దాన్ని టీడీఎక్స్ మాడ్యూల్ తప్ప కేవీఎమ్ నేరుగా ముట్టుకోలేదు.

మూడు రికార్డులూ ఒకే మాట చెప్తున్నంతసేపు ఎవరికీ ఏమీ తెలియదు. తేడా వస్తే ఏ రెండింటి మధ్య వచ్చిందో దాన్ని బట్టి లక్షణం మారుతుంది. గెస్ట్ ప్రైవేట్ అనుకుని ముట్టుకున్న పేజీ కేవీఎమ్ లెక్కలో షేర్డ్ అయితే, కేవీఎమ్ మెమరీ ఫాల్ట్ అనే ఎగ్జిట్‌తో క్యూఎము తలుపు తడుతుంది. క్యూఎము దాన్ని ప్రైవేట్‌గా మార్చి ముందుకు పోనిస్తుంది. అయితే ఎస్‌ఎన్‌పీలో ఆ కొత్త పేజీని గెస్ట్ ఇంకా పీవ్యాలిడేట్ అనే ప్రాసెసర్ ఆదేశంతో ఒప్పుకోలేదు కాబట్టి గెస్ట్‌కి ఎక్సెప్షన్ వస్తుంది, లైనక్స్ గెస్ట్ అక్కడితో తనను తాను ఆపేసుకుంటుంది. ఇది లోపం కాదు. హోస్ట్ దొంగచాటుగా పేజీ మార్చేస్తే గెస్ట్‌కి తెలియాలని పెట్టిన కాపలా. ఇక హోస్ట్ కెర్నెల్ తెలియక ప్రైవేట్ పేజీలో రాయబోతే ఆర్‌ఎమ్‌పీ ఫాల్ట్ వస్తుంది. చదివితే ఫాల్ట్ రాదు, అర్థం కాని ఎన్‌క్రిప్టెడ్ చెత్త కనిపిస్తుంది.

షేర్డ్‌గా మార్చినప్పుడు పేజీలో ఉన్న డేటా అలాగే ఉంటుందా?

ఎక్స్86లో ఉంటుందని ఎప్పుడూ అనుకోకండి. ప్రైవేట్ కాపీ గెస్ట్ మెమ్‌ఎఫ్‌డీలో, షేర్డ్ కాపీ మామూలు మెమరీలో, రెండూ వేరు పేజీలు కావచ్చు. ముందు మార్చండి, తర్వాత రాయండి.

16 జీబీ ఇచ్చిన కాన్ఫిడెన్షియల్ గెస్ట్ హోస్ట్‌లో అంతకంటే ఎక్కువ తింటోంది. లీకా?

పై జవాబులోనే దీని కారణమూ ఉంది. ఒకే గెస్ట్ అడ్రస్‌కి రెండు వైపులా పేజీలుండే వీలుంది. మార్పిడి జరిగినప్పుడు వదిలేసిన వైపు పేజీని క్యూఎము హోల్ పంచ్ చేసి (ఆ మేర ఖాళీ చేసి) తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వకపోతే ఒక్క అడ్రస్‌కి రెండు పేజీల ఖర్చు. గ్రాఫిక్స్ కార్డు లాంటి పరికరాన్ని నేరుగా ఇచ్చిన గెస్టుల్లో ఇది మరీ చిక్కు, ఎందుకంటే పరికరాన్ని గెస్ట్‌కి అప్పగించే వీఎఫ్ఐఓ పేజీలను కదలకుండా పిన్ చేసి పట్టుకుంటుంది. ఏ పేజీ ఎటువైపు ఉందో బిట్‌మ్యాప్‌లో రాసుకుని, షేర్డ్ వాటినే పరికరానికి మ్యాప్ చేసే ఏర్పాటు క్యూఎము 10.1లో వచ్చింది.

దీనికి ఎదురు తికమక కూడా ఉంది. గెస్ట్ మెమ్‌ఎఫ్‌డీలోని ప్రైవేట్ పేజీలు క్యూఎము అడ్రస్‌లలోకి మ్యాప్ కావు, కాబట్టి టాప్‌లో దాని ఆర్ఎస్ఎస్‌లో కనిపించవు. గెస్ట్ ఏమీ వాడట్లేదని సంబరపడకండి. అవి స్వాప్‌కి కూడా పోవు.

‘ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీ బఫర్ ఫుల్’ అని గెస్ట్ లాగ్‌లో వస్తోంది. దీనికీ షేరింగ్‌కీ సంబంధమేంటి?

నేరుగా ఉంది. షేరింగ్ కొలమానం 4 కేబీ పేజీ. 100 బైట్ల ప్యాకెట్ కోసం పేజీ తెరిస్తే, పక్కనే ఉన్న పాస్‌వర్డ్ కూడా హోస్ట్‌కి కనిపిస్తుంది. అందుకని గెస్ట్ బూట్ సమయంలోనే ఒక పెద్ద ముక్కను షేర్డ్‌గా మార్చి పక్కన పెట్టుకుంటుంది. ఈ బౌన్స్ బఫర్‌కే లైనక్స్‌లో పేరు ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీ. డిస్కుకి, నెట్‌వర్క్‌కి పోయే ప్రతి డేటానూ అందులోకి కాపీ చేసి పంపుతుంది. లైనక్స్ మెమరీ ఎన్‌క్రిప్షన్ ఉన్న గెస్టుల్లో దీనికి మొత్తం ర్యామ్‌లో 6 శాతం తీసుకుంటుంది, 64 ఎంబీకి తగ్గకుండా, 1 జీబీ దాటకుండా. 8 జీబీ గెస్ట్‌కి సుమారు 490 ఎంబీ.

ఎన్‌వీఎమ్ఈ డిస్కుల మీద లోడ్ బాగా పెరిగితే అది నిండుతుంది. డీబగ్‌ఎఫ్ఎస్‌లో ఎస్‌డబ్ల్యూఐఓటీఎల్‌బీ ఫోల్డర్ కింద మొత్తం స్లాట్లు, వాడుకలో ఉన్న స్లాట్లు కనిపిస్తాయి. ఒక్కో స్లాట్ 2 కేబీ. మామూలుగా ఒక్కసారికి 128 స్లాట్లు, అంటే 256 కేబీ కంటే పెద్ద బఫర్ దొరకదు కాబట్టి, సగం ఖాళీగా ఉన్నా ‘ఫుల్’ అనవచ్చు. కెర్నెల్ కమాండ్ లైన్‌లో పరిమాణం పెంచుకోవచ్చు.

షేర్డ్ పేజీ నుంచి చదివేటప్పుడు గెస్ట్ ఏం జాగ్రత్త పడాలి?

ముందు ప్రైవేట్ మెమరీలోకి కాపీ చేసుకుని, ఆ కాపీని పరీక్షించి, ఆ కాపీనే వాడాలి. షేర్డ్ పేజీలో పొడవు 64 అని చూసి సరే అనుకుని, మళ్లీ అక్కడి నుంచే చదివితే, ఈలోపు హోస్ట్ దాన్ని 64,000 చేసి ఉండొచ్చు. కంపైలర్ కూడా ఒక్కోసారి మీరు ఒకసారి చదవమన్నదాన్ని రెండుసార్లు చదివిస్తుంది. లైనక్స్ కోడ్‌లో రీడ్ వన్స్ (ఒక్కసారే చదవమని కంపైలర్‌కి చెప్పే మాక్రో) కనిపించిన చోట దాన్ని అలంకారం అనుకుని తీసేయకండి.

పేజీ మార్పిడి మధ్యలో ఫెయిలైతే?

ఆ పేజీని వదులుకోవాలి. నిజంగానే, కావాలని లీక్ చేయాలి. సగం మారిన పేజీని ఫ్రీ చేస్తే అది ఇంకెవరి చేతికో వెళ్లి, వాళ్లు రహస్యమనుకుని రాసింది హోస్ట్‌కి కనిపించే ప్రమాదం ఉంది. గెస్ట్ కెర్నెల్‌లో చాలా డ్రైవర్లు ఈ ఎర్రర్‌ను పట్టించుకోకుండా ఫ్రీ చేసేసేవి. 2024లో వాటిని వరసగా సరిదిద్దారు. మెమరీ లీక్‌ని చూసి ‘భలే’ అనాల్సిన అరుదైన సందర్భం ఇది.

ఫోన్లలో పీకేవీఎమ్ ఏం చేస్తుంది?

ఆండ్రాయిడ్ 13తో బయటికొచ్చిన పీకేవీఎమ్‌లో మెమరీ ఎన్‌క్రిప్షన్ అవసరం లేదు. ఒక చిన్న హైపర్‌వైజర్ ఆర్మ్ చిప్‌లో హోస్ట్ కెర్నెల్ కంటే పైమెట్టు మీద కూర్చుని, స్టేజ్ 2 పేజ్ టేబుళ్లను (ఎవరు ఏ పేజీ ముట్టుకోవచ్చో తేల్చేవి) తన చేతిలో పెట్టుకుంటుంది. దాని లెక్క నాకు అన్నిటికంటే నచ్చుతుంది. పేజీ నాది, నాది కానీ కౌలుకిచ్చాను, నాది కాదు కానీ కౌలుకు తీసుకున్నాను, ఇవీ స్థితులు. ఇవి కాక డొనేట్ ఉంది, అది కౌలు కాదు, ఏకంగా అమ్మకం. హోస్ట్ గెస్ట్‌కి పేజీని డొనేట్ చేశాక తనే ముట్టుకోబోతే ఫాల్ట్. హోస్ట్‌తో మాట్లాడాలంటే గెస్ట్ షేర్, అన్‌షేర్ అనే హైపర్‌కాల్స్ (హైపర్‌వైజర్‌కి చేసే విన్నపాలు) వాడి ఒక్కో పేజీ కౌలుకిస్తుంది. ఇచ్చినవాడి స్థితి, తీసుకున్నవాడి స్థితి రెండూ సరిపోతేనే హైపర్‌వైజర్ మార్పిడికి ఒప్పుకుంటుంది.

జెన్‌లో గ్రాంట్ టేబుల్ అంటే ఇదేనా?

దగ్గరి చుట్టం. గెస్ట్ తన పేజీలను ఎవరు చూడొచ్చో రాసి ఇచ్చే అనుమతి పట్టిక అది. జెన్‌లో ఈ పత్రం రాసే అలవాటు కాన్ఫిడెన్షియల్ వీఎమ్‌ల కంటే ముందే ఉంది. ఒక్కో ఎంట్రీ 8 బైట్లు: ఏ అనుమతి, ఏ డొమైన్‌కి (జెన్‌లో వీఎమ్‌కి ఆ పేరు), ఏ పేజీ. ఎదుటివాడు మ్యాప్ చేసుకుని పట్టుకున్నంతసేపు గెస్ట్ దాన్ని వెనక్కి తీసుకోలేదు. ఆ ఎంట్రీని పక్కన పెట్టి తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది. హోస్ట్‌లో ఎక్స్ఎల్ కమాండ్‌తో డీబగ్ కీ ‘జి’ పంపితే మొత్తం పట్టిక జెన్ లాగ్‌లో పడుతుంది.

డర్టీ లాగ్ కూడా ఇదేనా?

కాదు. లైవ్ మైగ్రేషన్ (నడుస్తున్న గెస్ట్‌ని ఇంకో హోస్ట్‌కి మార్చడం) కోసం ఏ పేజీలు మారాయో చెప్పేది డర్టీ లాగ్. ఎవరు చూడొచ్చో అది చెప్పదు.

గెస్ట్ బూట్‌లోనే ఆగిపోతోంది, షేరింగ్ లెక్క తప్పిందని అనుమానం. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

ముందు వెర్షన్లు చూడండి. ఎస్‌ఎన్‌పీ గెస్టుల్ని నడపడానికి హోస్ట్‌లో కనీసం లైనక్స్ 6.11, క్యూఎము 9.1 కావాలి. టీడీఎక్స్‌కి లైనక్స్ 6.16, క్యూఎము 10.1. డిస్ట్రిబ్యూషన్ వాళ్లు వెనక్కి తెచ్చిపెట్టిన ప్యాచ్‌లుంటే అది వేరే మాట.

తర్వాత గెస్ట్ లాగ్‌లో మెమరీ ఎన్‌క్రిప్షన్ ఫీచర్లు యాక్టివ్ అన్న లైను ఉందో లేదో చూడండి. అది లేకపోతే గెస్ట్ అన్నీ మామూలు పేజీలే అనుకుంటోంది. ఉంటే, క్యూఎములో ‘కేవీఎమ్ కన్వర్ట్ మెమరీ’ అనే ట్రేస్ ఆన్ చేయండి. ప్రతి మార్పిడికీ మొదలు అడ్రస్, పరిమాణం, ఎటు నుంచి ఎటు అన్నది ఒక్కో లైనుగా వస్తుంది. బూట్‌లో ఒక పెద్ద ముక్క షేర్డ్‌గా మారడం కనిపించాలి, అదే బౌన్స్ బఫర్. ఆ తర్వాత ఒకే అడ్రస్ అటూ ఇటూ మారుతూ లైన్లు వరదలా వస్తుంటే గెస్ట్ బిట్, కేవీఎమ్ లెక్క కొట్టుకుంటున్నాయి. ట్రేస్ ప్రశాంతంగా ఉండి గెస్ట్ మాత్రం చచ్చిపోతే హోస్ట్ డీమెస్‌జీలో (కెర్నెల్ లాగ్) ఆర్‌ఎమ్‌పీ మాట కోసం వెతకండి.